దగ్గరి దారులన్నీ జంక్షన్ మీదుగానే

పార్వతీపురం, గుణుపురం మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. పట్టాల మీదే వెళ్లాలంటే మాత్రం సంగతి వేరు. పార్వతీపురం నుంచి బొబ్బిలి మీదుగా కిందికి విజయనగరం రావాలి. అక్కడ హౌరా లైన్ పట్టుకుని చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్ దాటి నౌపడ చేరాలి. నౌపడలో మళ్లీ లైన్ మారి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా సుమారు 90 కిలోమీటర్లు పోతే గుణుపురం వస్తుంది. స్కేలు పెట్టి కొలిచిన దూరానికీ ఈ ప్రయాణానికీ పొంతనే లేదు. అయినా రెండూ దూరాలే, దేని లెక్క దానిదే. ఊళ్లు అవే ఉన్నా, దూరాన్ని కొలిచే పద్ధతి మారగానే వాటి జ్యామితి మొత్తం మారిపోయింది. దగ్గరి దారులన్నీ ఇలా జంక్షన్ల మీదుగా కలిసిపోయే జ్యామితిని హైపర్బోలిక్ అంటారు. ఇక్కడ చెప్పబోయేది దాని గురించే.

జ్యామితిని ఈ కోణంలో చూడటం 1906లో మొదలైంది. ఫ్రెంచ్ గణితజ్ఞుడు మోరిస్ ఫ్రెషే తన థీసిస్‌లో గీతలు, కోణాలు, అక్షాలు అన్నీ పక్కన పెట్టి, దూరం అనే ఒక్కదాన్నే ఉంచుకున్నాడు. మెట్రిక్ స్పేస్ అంటే ఇంతే: కొన్ని బిందువులు, ఏ రెండింటి మధ్యనైనా ఒక దూరం. ఆ దూరం వేర్వేరు బిందువుల మధ్య సున్నా కాకూడదు, పోను ఎంతో రాను అంతే ఉండాలి, మధ్యలో మూడో చోట ఆగి వెళ్లినంత మాత్రాన మొత్తం తగ్గిపోకూడదు. ఈ చివరిదే త్రిభుజ అసమానత. వన్‌వే వీధులున్న ఊళ్లో రెండో షరతు చెడిపోతుంది కానీ, పట్టాలకు ఆ ఇబ్బంది లేదు. రైళ్ల టైమింగులు, ఏ లైన్‌లో ప్యాసింజర్ నడుస్తోంది, ఏ లైన్‌లో లేదు అన్న గొడవ ఇక్కడ అనవసరం. పట్టాల పొడవే లెక్క.

దూరం ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు తిన్నని గీత అంటే ఏమిటి? ఒక దారి మీద ఏ రెండు చోట్లు తీసుకున్నా, ఆ దారి వెంట నడిచిన పొడవు వాటి మధ్య అసలు దూరానికి సమానమైతే, దాన్ని జియోడెసిక్ అంటారు. మామూలు మాటల్లో, ఎక్కడా ఒక్క అడుగు కూడా వృథా కాని దారి. విజయనగరం నుంచి నౌపడకు వెళ్లే లైన్‌లో పొందూరు దగ్గర ఆగి చూస్తే, ఇటు వచ్చిన దూరం, అటు మిగిలిన దూరం కలిపితే మొత్తం సరిగ్గా సరిపోతుంది. దారిలో ఏ స్టేషన్ దగ్గర చూసినా అంతే.

అలాంటి దారి అన్నిచోట్లా ఉంటుందన్న హామీ లేదు. ఒక మైదానంలోంచి ఒక్క బిందువును తీసేస్తే, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్ల మధ్య దారి పొడవును ఎంతైనా తగ్గిస్తూ పోవచ్చు కానీ అన్నిటికన్నా చిన్నదంటూ ఒకటి దొరకదు. తీసేసిన ఆ బిందువు మీదుగానే అది వెళ్లాలి మరి. ఇలాంటి చిల్లులు లేని చోట దగ్గరి దారి తప్పకుండా ఉంటుందని 1931లో హైంజ్ హోఫ్, విల్లీ రినోవ్ వక్రతలాల విషయంలో నిరూపించారు. తర్వాత కోన్-వోసెన్ దాన్ని ఇంకా విస్తృతమైన స్పేస్‌లకు తీసుకెళ్లాడు.

అంతకన్నా ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, దగ్గరి దారి ఒక్కటే ఉండాలన్న రూలు కూడా లేదు. నేల మొత్తం సమానమైన చదరపు మళ్లుగా ఉండి, గట్ల మీదే నడవాలనుకుందాం. ఒక మూల నుంచి ఎదురు మూలకు 10 మళ్లు తూర్పుకు, 10 మళ్లు ఉత్తరానికి వెళ్లాలి. వెనక్కి తిరగకుండా ఏ వరుసలో వెళ్లినా 20 గట్ల పొడవే పడుతుంది. అలాంటి దారులు 1,84,756. అన్నీ జియోడెసిక్‌లే! వీటిలో ఒకటి ముందు తూర్పుకు పోయే అంచునంతా పట్టుకుని వెళ్తుంది, ఇంకొకటి ముందు ఉత్తరానికి పోయే అంచును పట్టుకుంటుంది. బయల్దేరిన చోటు ఒకటే, చేరే చోటు ఒకటే, మధ్యలో మాత్రం వీటికి ముఖాముఖాలు లేవు. ఈ ఎడబాటే అసలు విషయం. ఒక స్పేస్‌లో దగ్గరి దారులు ఒకదానికొకటి ఎంత దూరం జరగగలవన్న ప్రశ్న నుంచే హైపర్బోలిసిటీ అనే భావన పుట్టింది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ ఉంది. ఆ ఏడు రోడ్లు అక్కడ తప్ప మరెక్కడా కలవవనుకుందాం. (సందుల్లోంచి అడ్డదారులు ఉంటాయి, వాటిని కాసేపు మూసేద్దాం.) మూడు వేర్వేరు రోడ్ల మీద మూడు ఇళ్లు తీసుకుని, వాటి మధ్య దగ్గరి దారులతో త్రిభుజం గీస్తే, అది త్రిభుజంలా ఉండదు. మూడు కాళ్ల పీటలా ఉంటుంది. మూడు భుజాలూ జంక్షన్ మీదుగానే పోతాయి. ఒక భుజం మీద ఎక్కడ నిలబడినా, మిగతా రెండిట్లో ఒకటి సరిగ్గా కాళ్ల కిందే ఉంటుంది. త్రిభుజానికి లోపలి భాగం అన్నదే లేదు.

గణితజ్ఞుడు గ్రోమోవ్ పెట్టిన షరతు దీనికి కొంచెం సడలింపు ఇస్తుంది. ఏ మూడు బిందువులు తీసుకుని జియోడెసిక్‌లతో కలిపినా, ఒక భుజం మీది ప్రతి చోటు నుంచీ మిగతా రెండు భుజాల్లో ఏదో ఒకటి డెల్టా అనే ఒక స్థిరమైన దూరంలోపే దొరకాలి. ఈ డెల్టా మొత్తం స్పేస్‌కి ఒక్కటే. త్రిభుజం పెద్దదయ్యే కొద్దీ అది పెరగకూడదు. అలాంటి డెల్టా ఉంటే ఆ స్పేస్ హైపర్బోలిక్. మిహాయిల్ గ్రోమోవ్ 1987లో వెలువరించిన సుదీర్ఘ వ్యాసంతో ఈ భావన స్థిరపడింది. సన్నని త్రిభుజాల రూపంలో దీన్ని చెప్పిన ఘనతను సాధారణంగా ఎలియాహు రిప్స్‌కి ఇస్తారు.

పేరు మాత్రం పాతదే. 1829లో లోబచెవ్‌స్కీ, 1832లో బోయాయ్ వెలువరించిన యూక్లిడేతర జ్యామితిలో త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలకు తక్కువ. వక్రత మైనస్ ఒకటి ఉన్న (అంటే ప్రతిచోటా గుర్రపు జీనులా వంగిన) ఆ తలంలో త్రిభుజం భుజాలు ఎంత పొడవున్నా వైశాల్యం π (సుమారు 3.14) విలువను దాటదు. అంత పొడవైన భుజాల మధ్య అంత తక్కువ చోటే ఉందంటే, త్రిభుజం సన్నగా ఉండక తప్పదు. అక్కడ డెల్టా సుమారు 0.88. మరి చోటంతా ఎటు పోయింది? బయటికి పోయింది. 10 యూనిట్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే మామూలు తలంలో చుట్టుకొలత 63 యూనిట్లకు కాస్త తక్కువ. హైపర్బోలిక్ తలంలో అది 69 వేలు దాటుతుంది. ఒకే చోటు నుంచి రెండు దారులు కాస్త పక్కకు మళ్లాయంటే, ఇక వాటి మధ్య దూరం విపరీతంగా పెరిగిపోతుంది. ఆ రెండు చివర్లనూ కలపాలంటే మళ్లీ చీలిన చోటి దాకా వెనక్కి రావడమే దగ్గరి దారి. అంటే జంక్షన్‌కి రావడమే. వంపు తిరిగిన తలంలో పట్టాలూ లేవు, జంక్షన్లూ లేవు. అయినా దూరాల లెక్క వల్లే అవి ఉన్నట్టు తయారవుతుంది.

మామూలు తలం ఈ పరీక్షలో తప్పుతుంది. కారణం చిన్నదే. త్రిభుజం భుజాలను రెట్టింపు చేస్తే వాటి మధ్య ఎడం కూడా రెట్టింపవుతుంది. ఏ డెల్టా చెప్పినా దాన్ని మించిన త్రిభుజం గీయొచ్చు.

త్రిభుజాలు గీయకుండా అంకెలతోనే పట్టుకునే పద్ధతి ఇంకొకటి ఉంది. లెక్కలు చేసేవాళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. సాలూరు, గుణుపురం, ఇచ్ఛాపురం, కొత్తవలస అని నాలుగు స్టేషన్లు తీసుకుందాం. నాలుగింటిని రెండేసి జతలుగా విడగొట్టే మార్గాలు మూడే. మొదటి విభజనలో సాలూరు–గుణుపురం దూరానికి ఇచ్ఛాపురం–కొత్తవలస దూరం కలుపుతాం. రెండో దాంట్లో సాలూరు–ఇచ్ఛాపురం, గుణుపురం–కొత్తవలస. మూడో దాంట్లో సాలూరు–కొత్తవలస, గుణుపురం–ఇచ్ఛాపురం. మొదటి రెండు విభజనల్లోనూ ప్రతి జతా విజయనగరం–నౌపడ మధ్య మెయిన్ లైన్ మీదుగా పోవాల్సిందే, కాబట్టి ఆ ముక్క రెండేసి సార్లు లెక్కలోకి వస్తుంది. మూడో విభజనలో ఎవరి వైపు వాళ్లు ఉండిపోతారు, ఆ ముక్క అసలు రాదు. మిగతా ముక్కలన్నీ మూడింటిలోనూ ఒక్కోసారే వస్తాయి. అందుకే పెద్ద మొత్తాలు రెండూ కిలోమీటరు తేడా లేకుండా సమానం. చిన్నదానికీ వాటికీ ఉన్న తేడాను సగం చేస్తే విజయనగరం–నౌపడ దూరం వచ్చేస్తుంది. ఈ రెండు జంక్షన్ల పేర్లు లెక్కలో ఎక్కడా లేవని గమనించాలి. చివరి స్టేషన్ల మధ్య దూరాల పట్టిక ఒక్కటి ఇస్తే, మధ్యలో రెండు జంక్షన్లున్నాయనీ, వాటి మధ్య ఇంత దూరమనీ తెలిసిపోయింది.

మూడు స్టేషన్లతో చేసే చిన్న లెక్క కూడా ఇలాంటిదే. విశాఖ నుంచి సాలూరు దూరం, విశాఖ నుంచి పార్వతీపురం దూరం కలిపి, అందులోంచి సాలూరు–పార్వతీపురం దూరం తీసేసి సగం చేస్తే, వచ్చేది విశాఖ–బొబ్బిలి దూరం. రెండు దారులూ కలిసి ఎంత దూరం వెళ్లాక చీలాయో చెప్పే ఈ సంఖ్యకు గ్రోమోవ్ ప్రొడక్ట్ అని పేరు.

ఏ నాలుగు బిందువులు తీసినా పెద్ద మొత్తాలు రెండూ సమానంగా వస్తే, ఆ దూరాల పట్టిక తప్పకుండా ఒక చెట్టు మీది దూరాల పట్టికే. లూపులు లేకుండా కొమ్మలుగా చీలే నిర్మాణాన్నే ఇక్కడ చెట్టు అంటున్నాం. ఈ సంగతిని పీటర్ బునెమన్ 1970లలో స్పష్టంగా నిరూపించాడు. జీవజాతుల డీఎన్ఏల మధ్య తేడాలను దూరాలుగా తీసుకుని వంశవృక్షం గీసేవాళ్లకు ఇది పునాది. గ్రోమోవ్ ఇక్కడా సడలింపే ఇచ్చాడు. పెద్ద మొత్తాలు రెండిటి తేడా డెల్టాకు రెట్టింపు మించకపోతే చాలన్నాడు. (ఈ డెల్టా, సన్నని త్రిభుజాల డెల్టా ఒకే అంకె కానక్కర్లేదు. కొన్ని స్థిరమైన రెట్ల తేడాతో ఒకదాన్నుంచి ఇంకొకటి వస్తుంది.) 100 మీటర్ల భుజం ఉన్న చదరపు మడికి నాలుగు మూలలూ తీసి మామూలు దూరాలతో చూస్తే మొత్తాలు 200, 200, దాదాపు 283. పెద్ద రెండిటి తేడా 83. భుజాన్ని కిలోమీటరు చేస్తే తేడా 828 మీటర్లు. తేడా మడితో పాటే పెరుగుతోంది.

ఇప్పటి దాకా ఈ ప్రాంతపు పట్టాలను చెట్టుగానే చూశాం. అది ఎక్కడ కత్తెర వేశామన్న దాన్ని బట్టి ఉంటుంది. కొత్తవలస దగ్గర చీలిన కిరండూల్ లైన్ శృంగవరపుకోట మీదుగా కొండలెక్కి అరకు, అక్కణ్ణుంచి కోరాపుట్ పోతుంది. శృంగవరపుకోట దాటాక కత్తిరిస్తే అదొక కొమ్మ. కత్తిరించకపోతే కోరాపుట్ నుంచి ఇంకో లైన్ రాయగడ చేరుతుంది, రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, మళ్లీ కొత్తవలస. లూపు మూసుకుంది. లూపులో సరిగ్గా ఎదురెదురుగా ఉన్న రెండు చోట్ల మధ్య ఇటు నుంచి వెళ్లినా అటు నుంచి వెళ్లినా ఒకటే దూరం, రెండూ జియోడెసిక్‌లే. ఇటు దారి మధ్యలో ఉన్నవాడు అటు దారిని అందుకోవాలంటే లూపులో పావు వంతు నడవాలి. మొత్తం చుట్టు 500 కిలోమీటర్లు అనుకుంటే డెల్టా 125. ఇంకో దారి కూడా లూపు కట్టే ప్రయత్నంలో ఉంది. గుణుపురం లైన్‌ని తేరుబలి దగ్గర రాయగడ లైన్‌తో కలిపే ప్రాజెక్టు పూర్తయితే నౌపడ కొమ్మ కూడా కొమ్మగా మిగలదు.

అందుకే ఒక నెట్‌వర్క్ హైపర్బోలిక్ అవునా కాదా అని అడగడం పరిమితమైన మ్యాప్‌ల విషయంలో పెద్దగా అర్థం లేని ప్రశ్న. ఏ చిన్న మ్యాప్ తీసుకున్నా ఏదో ఒక డెల్టా ఉంటుంది. మొత్తం సైజుతో పోలిస్తే డెల్టా ఎంతన్నదే పట్టించుకోవాల్సిన విషయం. జిల్లాలో నిలబడి చూస్తే 125 కిలోమీటర్లు చాలా పెద్దది, ఖండం మీద చూస్తే అది గీతల మందం. ఈ మాటను చాలా పరిచయ వ్యాసాలు దాటేస్తాయి. డెల్టా చిన్నదని చెప్పి, దేనితో పోలిస్తే చిన్నదో చెప్పకుండా వదిలేస్తాయి.

హైపర్బోలిక్ స్పేస్‌లో ఒక గొప్ప వెసులుబాటు ఉంది. అక్కడ దగ్గరి దారి కచ్చితంగా తెలియకపోయినా, దాదాపు దగ్గరైన దారి తెలిస్తే సరిపోతుంది. మామూలు తలంలో మూల నుంచి మూలకు తిన్నగా పోకుండా రెండు గట్ల వెంట పోతే పొడవు 1.41 రెట్లే పెరుగుతుంది, కానీ తిన్నని గీత నుంచి ఎంత దూరమైనా జరిగిపోవచ్చు. హైపర్బోలిక్ తలంలో ఇది కుదరదు. జియోడెసిక్‌కి 5 యూనిట్ల ఎడంలో సమాంతరంగా నడిస్తే, పొడవు 74 రెట్లవుతుంది. ఎడం పెరిగే కొద్దీ ఈ జరిమానా ఘాతంలా పెరుగుతుంది. కాబట్టి పొడవులో ఫలానా రెట్లకు మించి వృథా చేయని దారి ఏదైనా అసలు జియోడెసిక్‌కి ఒక స్థిరమైన దూరంలోపే నడవాలి. 1924లో మార్‌స్టన్ మోర్స్ ఉపరితలాల మీద గమనించిన ఈ లక్షణాన్ని మోర్స్ లెమ్మా అంటారు. దీనివల్లే ఒక స్పేస్‌ను స్థిరమైన రెట్లలో సాగదీసినా, చిన్నచిన్న వివరాలు చెరిపేసినా అది హైపర్బోలిక్‌గానే ఉండిపోతుంది. గ్రూపుల (ఒకదాని తర్వాత ఒకటి చేయగల, తిరిగి రద్దు చేయగల చర్యల సమూహాల) సిద్ధాంతంలో దీని ఫలితం చాలా పెద్దది. రెండు సంకేతాల వరుసలు ఒకే మూలకాన్ని సూచిస్తాయా లేదా అని తేల్చడానికి మాక్స్ డేన్ 1912లో ఉపరితలాల గ్రూపులకు ఇచ్చిన పద్ధతి, హైపర్బోలిక్ గ్రూపులన్నిటికీ పనిచేస్తుంది.

దీనికి చెల్లించే ధర ట్రాఫిక్. దగ్గరి దారులన్నీ కలిసే నడుస్తాయంటే, అందరూ ఒకే చోట ఇరుక్కుంటారన్నమాటే కదా. గళ్లలా అల్లుకున్న రోడ్లలో ఎన్ కూడళ్లు ఉండి, ప్రతి జత మధ్యా ఒక్కో ప్రయాణం జరిగితే, నడిమధ్య కూడలి మీద పడే భారం సుమారు ఎన్ పవర్ 1.5. చెట్టులాంటి నెట్‌వర్క్‌లో అది ఎన్ స్క్వేర్ స్థాయికి పోతుంది. 100 కూడళ్లకు వెయ్యి స్థాయి, పది వేల స్థాయి అన్నంత తేడా. అసలు నెట్‌వర్క్‌ల డేటాలో ఈ ధోరణిని 2011లో నారాయణ్, సనీ గుర్తించారు. 2017లో షెపోయ్, డ్రాగన్, వాక్సెస్ దాన్ని సిద్ధాంతంగా నిరూపించారు: డెల్టా హైపర్బోలిక్ అయిన ఏ గ్రాఫ్‌లోనైనా (అంటే కూడళ్లు, వాటిని కలిపే దారుల నెట్‌వర్క్‌లో) ఏదో ఒక చోటు కేంద్రంగా నాలుగు డెల్టాల వ్యాసార్థంలో గీసిన వలయం గుండా, మొత్తం జతల ట్రాఫిక్‌లో కనీసం సగం పోయి తీరుతుంది. ఏడు రోడ్ల జంక్షన్ ఇరుకును రోడ్డు వెడల్పు చేసి తగ్గించవచ్చు. అందరూ అక్కడికే రావడాన్ని తగ్గించాలంటే మాత్రం జంక్షన్‌ని తప్పించే దారి ఒకటి వేయాలి. అలాంటి రింగ్ రోడ్డు పడితే లూపు ఏర్పడుతుంది, డెల్టా పెరుగుతుంది. నది మీద ఒకే వంతెన ఉన్న ఊరిలోనూ అంతే. వంతెన ఒక్కటే అయితే మొత్తం ఊరి డెల్టా రెండు గట్ల డెల్టాల్లో పెద్దదాన్ని మించదు. రెండో వంతెన కట్టగానే ఆ లెక్క పోతుంది. ట్రాఫిక్ ఇంజనీరు మెచ్చుకునే పని జ్యామితి లెక్కలో స్పేస్‌ని పాడుచేసే పని. ఇందులో ఎవరి తప్పూ లేదు. దారులు ఊహకు అందేలా ఉండటం, దారులు చాలా ఉండటం ఒకేచోట కుదరవు.

డెల్టా విలువ కనుక్కోవడం కూడా అంత సులువు కాదు. నాలుగు బిందువుల పరీక్ష వెయ్యి కూడళ్ల గ్రాఫ్ మీద చేయాలంటే నాలుగేసి గుంపులు 4,141 కోట్లు దాటుతాయి. కూడళ్లు రెట్టింపైతే పని 16 రెట్లవుతుంది. 2015లో ఫూర్నియె, ఇస్మాయిల్, విన్యెరాన్ మాట్రిక్స్ గుణకారపు కిటుకుతో ఘాతాన్ని 4 నుంచి 3.69కి దించారు. ఆచరణలో ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. డెల్టా అనేది అన్నిటికన్నా చెడ్డ గుంపు చెప్పే అంకె. కోరాపుట్ లూపు ఒక్కటి చేరితే మొత్తం పట్టాల డెల్టా 125కి ఎగబాకుతుంది, మిగతా కొమ్మలన్నీ చెట్టులాగే ఉన్నా సరే. అందుకే పెద్ద నెట్‌వర్క్‌ల మీద పనిచేసేవాళ్లు గరిష్ఠ విలువ ఒక్కటే చూసి వదిలేయరు. నాలుగేసి బిందువులను యాదృచ్ఛికంగా తీసి, పెద్ద మొత్తాల తేడా ఎన్ని గుంపులకు ఎంత వస్తోందో కూడా లెక్కిస్తారు. విజయనగరానికి తూర్పున, నౌపడ వైపు నాలుగు స్టేషన్లను ఎన్నిసార్లు తీసినా ఆ తేడా ప్రస్తుతానికి సున్నానే.